తొంభై ఒకటో కీర్తన ఎక్కడ చదవకూడదు

బెంగాలీవాళ్ళ ఓడరేవు నగరంలో, వాట్‌గంజ్‌ పేటలో, ఓడలు ఆగే డాకు గోడకి దగ్గరగా ఒక తెలుగు సంఘం ఉంది. దానికి నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాస్టరుగా పనిచేసి, పోయినేడాది దిగిపోయాను. మా సొంతూరు టెక్కలి వైపు. మా సంఘస్థుల్లో చాలామంది కూడా ఆ సముద్రపొడ్డు ఊళ్ళవాళ్ళే. తాతల కాలంలో ఓడల్లో సరుకు దింపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు.

సేవలోకి రావాలనుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చి ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి అయ్యగారూ అని అడుగుతారు. ప్రసంగం ఎలాగైనా వచ్చేస్తుంది. రాకపోయినా జనం క్షమిస్తారు, ఆదివారం పూట ఓ కునుకు ఎవరికైనా మంచిదే. పాస్టరు పనిలో ముప్పాతిక వంతు పిలిచిన చోటికి వెళ్ళడం. ఆస్పత్రికి, పోలీస్ స్టేషనుకి, మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్న గదికి, శవం లేవబోతున్న ఇంటికి. వెళ్ళాక ఏదో ఒకటి చదవాలి. ఎక్కడ ఏది చదవాలో కాలేజీలో చెబుతారు. ఎక్కడ ఏది చదవకూడదో ఎవరూ చెప్పరు.

నేను ఒక మంచి కీర్తనని చదవకూడని చోట చదివాను. దానివల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. అది రాయడానికే కూర్చున్నాను. మిగతా సంగతులు దారిలో తగిలితే తగులుతాయి.

మావాళ్ళూ, తొంభై ఒకటీ

మావాళ్ళకి కీర్తనల గ్రంథం మొత్తం ఒక ఎత్తు, తొంభై ఒకటి ఒక ఎత్తు. దేవుని చాటున ఉన్నవాడికి తెగులు తగలదు, బాణం తగలదు, పక్కన వేలమంది కూలినా వాడికి అపాయం రాదు, దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారు అని అందులో ఉంది. ఇంతకంటే డాకు కూలీకి ఏం కావాలి? గుమ్మం మీద అదే, ఆటో అద్దం మీద అదే, నిండు చూలాలి తలగడ కింద అదే. చిన్న కార్డు మీద అచ్చు వేయించి ప్లాస్టిక్ తొడిగించి చొక్కా జేబులో పెట్టుకుంటారు. ఒకావిడ బిడ్డకి జ్వరం వస్తే ఆ కార్డుని గ్లాసు నీళ్ళలో ముంచి ఆ నీళ్ళు తాగించింది. నేను తిట్టి ఆస్పత్రికి పంపాను. అంత తెలివి నాకు ఆరోజు ఉంది, నా ఖర్మకొద్దీ అవసరమైన రోజు లేకపోయింది.

నాకు ముందు పనిచేసిన ముసలాయన ఒకసారి అన్నాడు, "ఒరే, అది సాయంత్రం కీర్తన. పాతకాలం నుంచీ పడుకోబోయే ముందు చదువుకునేది. దానితో పనులు చేయించకు." ఆయనకి చాదస్తం ఎక్కువని నవ్వుకున్నాను.

డాకులో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కొత్త ఓడలో పని మొదలుపెట్టేటప్పుడు హిందువులు డెక్కు మీద కొబ్బరికాయ కొడతారు. మావాళ్ళు పాస్టరుని పిలిపించి తొంభై ఒకటి చదివించుకుంటారు. ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ నేను వచ్చేసరికే ఉంది. గేటు పాసు తెప్పిస్తారు, చదువుతాను, టీ ఇస్తారు, వచ్చేస్తాను. సంవత్సరానికి పది పన్నెండుసార్లు వెళ్ళేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకు అది ఇష్టంగా ఉండేది. అంత పెద్ద ఓడ, పైన విదేశీ నావికులు, మధ్యలో తెల్ల అంగీ వేసుకుని నేను.

చిన్న మూత

పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి అప్పారావు వచ్చాడు. అతను కూలీల సర్దారు, మా సంఘ పెద్దల్లో ఒకడు.

"అయ్యగోరూ, ఓపాలి రావాల. మనోళ్ళు ఓడలోకి దిగనంటన్నారు. మీరొచ్చి తొంబయ్యొకటి సదివితే దిగుతారు."

ఈ మాటని మీరు జాగ్రత్తగా వినండి. నేను వినలేదు. అంతకుముందు పిలిచినప్పుడల్లా పని మొదలుపెడుతున్నాం, చదవండి అని పిలిచారు. ఈసారి దిగనంటున్నారు, దింపండి అని పిలిచాడు. రెండూ ఒకటే అనుకుని అంగీ తగిలించుకున్నాను.

ఓడలో చెట్ల దుంగలు ఉన్నాయి. ఎక్కడో దూరదేశం నుంచి వారాల తరబడి మూసిన మూతలతో వచ్చాయి. లోపలికి దిగే నిచ్చెన దగ్గర మనిషి పట్టేంత చిన్న మూత ఒక్కటే తెరిచి ఉంది. పెద్ద మూతలు ఇంకా తియ్యలేదు. ముందురోజు సాయంత్రం లోపలికి తొంగిచూసి రావడానికి దిగిన మనిషి తల తిరిగి, వాంతి చేసుకుంటూ పైకి వచ్చాడట. అందుకని ఎనిమిదిమంది డెక్కు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు.

వాళ్ళలో సింహాచలం ఉన్నాడు. నలభై లోపు మనిషి. ఆదివారం పాటల్లో శ్రుతి తప్పి అందరికంటే గట్టిగా పాడేవాడు. భార్య నూకరత్నం, పదేళ్ళ కూతురు సుగుణ. మిగతావాళ్ళు నేల చూపులు చూస్తుంటే అతనే లేచి నా దగ్గరికి వచ్చాడు.

"లోపల గాలి సచ్చిపోయినాది అయ్యగోరూ. దుంగలు తినీసినాయి. మా అయ్య సెప్పేవోడు, దుంగల ఓడకి ముందు గాలి పెట్టాలని. పెద్ద మూతలు తీసి రెండు గంటలు ఒగ్గీమనండి. ఆ తరవాత మీరు సదవకపోయినా దిగుతాను."

"రెండు గంటలు ఒగ్గితే పోటు ఎల్లిపోద్ది" అన్నాడు అప్పారావు. "పోటు పోతే ఓడ కదలదు. కంట్రాక్టరు నన్ను ఉంచుతాడేటి? ఏడేడు ఓడలు దింపినోడివి, ఇయాల కొత్తగా బయమేటిరా నీకు?"

"బయమే. ఉంటే తప్పా?"

ఇక్కడ నేను చెయ్యాల్సింది ఒక్కటే. అప్పారావూ, గాలి పెట్టించు, నేను కూడా రెండు గంటలు కూర్చుంటాను అనాలి. అంతే. దానికి వేదాంతం చదవనక్కర్లేదు. కానీ పైన నావికులు కమ్మీల మీదికి వంగి చూస్తున్నారు. అప్పారావు కూడా చూస్తున్నాడు, నా మాట మీద ఎనిమిదిమంది లేస్తారా లేవరా అని. నాకు పంతం వచ్చింది. నా కీర్తనకి విలువ లేదా అనిపించింది. నా కీర్తన! దావీదుది కూడా కాదు, నాది.

మొత్తం పదహారు వచనాలూ చదివాను. గొంతు బాగా పలికింది. తర్వాత ప్రార్థనలో, కళ్ళు తెరిచే, సింహాచలం వైపు చూసి ఒక మాట కలిపాను. "విశ్వాసం ఉన్నవాడు ముందు దిగుతాడు" అన్నాను. అది ఏ కీర్తనలోనూ లేదు.

అతను ఒక క్షణం నన్ను చూశాడు. "సరే అయ్యగోరూ" అన్నాడు. వంగాడు, తల మీద చెయ్యి పెట్టాను. మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అల్లం టీ వాసన, చుట్ట వాసన వచ్చాయి. ఇంకేమీ రాలేదు. ఈ సంగతి తర్వాత కావాలి కాబట్టి రాస్తున్నాను.

పది మెట్లు దిగి ఉంటాడు. కేక కూడా లేదు. ఏదో బస్తా పడిన చప్పుడు. ఇంకొకడు నడుముకి తాడు కట్టుకుని దిగబోయి మధ్యలోనే సోలిపోతే పైకి లాగేశారు. వాడు బతికాడు. అప్పుడు పెద్ద మూతలు తీశారు. అగ్నిమాపకం వాళ్ళు వచ్చి సింహాచలాన్ని పైకి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆరోజు పోటు ఎలాగూ పోయింది.

అడిగినంతకే

సమాధి చేసి వస్తుండగా నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే కంట్రాక్టరు మనుషులు సందుల్లో ఒక మాట వదిలారు. తాగి ఉన్నాడు, ఎవరూ చెప్పకుండా తనంతట తనే దిగాడు అని.

"ఆడు తాగనేదని మీకు తెలుసు. దిగనన్నాడని మీకు తెలుసు. ఆపీసులో ఆ రెండు ముక్కలూ సెప్పండి అయ్యగోరూ. ఇంకేటీ అడగను. నా గుంటకి తాగుబోతు కూతురని పేరు రాకూడదు."

చెబుతానమ్మా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను.

విచారణకి ముందురోజు మా పై పాస్టరుగారు వచ్చారు. మేం పెద్దయ్యగారు అనేవాళ్ళం. నన్ను ఇక్కడ వేసింది ఆయనే. "అడిగినదానికి అడిగినంత చెప్పు. ఎక్కువ మాట్లాడితే సంఘం పేరు కాగితాలెక్కుతుంది" అన్నారు. ఉన్నదున్నట్టు రాస్తానని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. ఆయన చెడ్డవాడు కాదు. నేను వినాలనుకుంటున్న మాట కనిపెట్టి అది చెప్పారు. తప్పు ఆయన మీదికి నెట్టడం నాకు చేతకాదని కాదు, చాలా ఏళ్ళు నెట్టాను. అది అక్కడ నిలవలేదు.

విచారణ గదిలో ఫ్యాను కిందే కూర్చోబెట్టారు. విచారణ చేసే ఆఫీసరు హిందీలో మూడే ప్రశ్నలు అడిగాడు.

అతను తనే దిగాడా? దిగాడు అన్నాను.

ఎవరైనా తోశారా, కొట్టారా? లేదు అన్నాను.

తాగి ఉన్నాడా? గమనించలేదు అన్నాను.

మొదటి రెండూ నిజాలే. ముందు మెట్టు మీద కాలు పెట్టింది సింహాచలమే, ఎవరూ తొయ్యలేదు. మూడోది అబద్ధం. తాగలేదంటే దిగనన్నాడని కూడా చెప్పాల్సి వస్తుంది, అది చెబితే మరి ఎలా దిగాడని నాలుగో ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకూడదని మూడోదానికి అలా చెప్పాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. సిగ్గు, అంతే. మనిషిని సిగ్గు ఆడించినంత భయం కూడా ఆడించదు.

తాగి, తనంతట తాను దిగాడని కాగితం మీద పడింది. పని పోతుందని మిగతావాళ్ళు నోరు విప్పలేదు. సుగుణని సందులో పిల్లలు మాతాల్ కూతురు అన్నారు. బెంగాలీలో మాతాల్ అంటే తాగుబోతు. ఆ పిల్ల సండే స్కూలు మానేసింది, తర్వాత గుడి మానేసింది. ఇంట్లో తండ్రి పేరు ఎత్తనిచ్చేది కాదని నూకరత్నం ఎవరితోనో అంటే విన్నాను. నూకరత్నం మాత్రం ప్రతి ఆదివారం వచ్చేది. మూడో బల్ల చివర కూర్చుని, ప్రార్థన అవగానే నాకు నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయేది.

నేను తొంభై ఒకటి చదవడం మానేశానా? మానలేదు. మానితే ఎందుకు మానారని అడుగుతారు. ఓడల మీద చదివాను, ఆటోల ముందు చదివాను. కరోనా వచ్చినప్పుడు గుమ్మం గుమ్మానికీ అదే అతికించారు. అదే గుమ్మాల్లోంచి శవాలు లేచాయి. ఒకాయన ఆస్పత్రి మంచం మీద, నేను పుస్తకం తెరవబోతుంటే, "అది వొద్దు అయ్యగోరూ, కాళ్ళు సల్లగున్నాయి, కుసింత రుద్దండి" అన్నాడు. రుద్దాను. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చేసిన మంచి పరిచర్యల్లో అదొకటి.

ఏడుసార్లు ఆగడం

మొగుడు పోయాక నూకరత్నం నగరం నడిబొడ్డున ఒక పాత మేడలో పనికి కుదిరింది. ఆ ఇంట్లో ఫ్లోరా ఆంటీ అనే యూదురాలు, ఆమె తమ్ముడు ఉండేవాళ్ళు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఇద్దరికీ ఎనభై దగ్గర. ఒకప్పుడు ఈ ఊళ్ళో యూదులు బాగానే ఉండేవారట. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మూడేళ్ళ కిందట ఆ తమ్ముడు పోయాడు. ఆరోజు నూకరత్నం మా ఇంటి గుమ్మం తొక్కింది. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"నలుగురు మొగోళ్ళు గావాల. ఆళ్ళలో శవాన్ని మోసీ ఓపికున్నోళ్ళు నేరు. డాకోళ్ళయితే మంచిది, బరువెరుగుదురు." అంతే అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

నలుగురిని తీసుకుని నేనూ వెళ్ళాను. ఊరికి తూర్పున వాళ్ళ స్మశానం. గేటు దగ్గర మా అందరి తలల మీద గుండ్రటి చిన్న టోపీలు పెట్టారు. తెల్లబట్టలో చుట్టిన శవాన్ని మావాళ్ళు భుజాలకెత్తుకున్నారు. ముందు ఒక పెద్దాయన హీబ్రూలో ఏదో చదువుతూ నడిచాడు. కొన్ని అడుగులు వేసి ఠక్కున ఆగిపోయాడు. మావాళ్ళకి తెలియదు కదా, బరువు భుజాన పడితే డాకు కూలీ ఆగడు. ఆయన మీదికి వెళ్ళిపోబోయారు.

"దాదా, ఎక్టు దాఁడాన్" అని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కాస్త ఆగండి అని.

"ఏటి దాదా, దార్లో దించీమంటారేటి?" అన్నాడు మావాడొకడు.

దించడం కాదు. మళ్ళీ చదవడం, మళ్ళీ నాలుగు అడుగులు, మళ్ళీ ఆగడం. ఏడుసార్లు. పోయినవాణ్ణి వదలాలని లేదు అని చూపించడానికి అలా ఆగుతారట.

ఫ్లోరా ఆంటీ నడవలేక గేటు పక్కన పేము కుర్చీలో కూర్చుంది. వెనకాల నూకరత్నం నిలబడి ఉంది. అంతా అయ్యాక నేను వెళ్ళి అడిగాను, ఏం చదివారు ఆంటీ అని.

"మీకూ ఉందిగా. తొంభై ఒకటి" అంది.

నాకు మతి పోయింది. "అది కాపాడే కీర్తన కదా. చనిపోయిన మనిషికి చదువుతారా?"

"మోసేవాళ్ళు ఉంటారుగా. స్మశానంలో నడవాలంటే వాళ్ళకి భయం. నేనూ రోజూ పడుకోబోయేముందు చదువుకుంటాను. నాకూ భయమే." ఆమె దాన్ని మందుబిళ్ళ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమెకి నా సంగతి తెలియదని ఆ మొహం చూస్తే అర్థమైంది.

ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. నూకరత్నం "ఏటంటాది?" అని నన్ను అడిగింది. పదకొండేళ్ళ తర్వాత మొహంలోకి చూసి అడిగింది, చెప్పక తప్పలేదు. ఈ కీర్తన అదేనమ్మా, వీళ్ళు శవాన్ని మోసేటప్పుడు చదువుతారట అని చెప్పాను.

ఆమె గొంతు పెంచకుండా అంది.

"ఈళ్ళు సచ్చినాక సదువుతారు. మీరు ముందే సదివీసినారు."

ఫ్లోరా ఆంటీ శాలువా జారితే నూకరత్నం సర్ది, ఆమెని లేపి కారు దగ్గరికి నడిపించుకుని వెళ్ళింది. నేను ఆ గేటు దగ్గర టోపీ తలమీద పెట్టుకునే చాలాసేపు నిలబడ్డాను. కాపలా మనిషి వచ్చి అడిగి తీసుకున్నాడు.

సైతాను చదివిన కీర్తన

అప్పటికైనా నోరు విప్పానా? లేదు. ఇంకో రెండు నెలలు.

లెంటులో, అంటే నలభై రోజుల ఉపవాస కాలంలో, మొదటి ఆదివారం పాఠం మీకు తెలుసు. యేసుని సైతాను దేవాలయం శిఖరం మీదికి తీసుకెళ్ళి, కిందికి దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారు అని రాసి ఉంది కదా అంటాడు. ఆ రాసి ఉన్నది తొంభై ఒకటిలోనే. అందుకే ఆ ఆదివారానికి ఆ కీర్తన పెట్టారు. దాదాపు ముప్పైసార్లు ఆ పాఠం మీద ప్రసంగించాను. సైతానుకి కూడా వాక్యం కంఠతా వచ్చు సుమా అని ప్రతి ఏడూ చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆ ఏడు చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ఎత్తు మీద నిలబెట్టి, ఈ కీర్తన చదివి, ఒక మనిషిని కిందికి పొమ్మన్నవాడు బైబిల్లో ఒక్కడే ఉన్నాడు. వాడి మాట యేసు వినలేదు. నా మాట సింహాచలం విన్నాడు. ముప్పై ఏళ్ళు నోట్లో నానిన వచనంలో ఇది నాకు కనపడలేదంటే నేనేం పాస్టరుని?

"సుగరు డౌనయినట్టుంది" అని అప్పారావు పరుగున గ్లూకోజు నీళ్ళు తెచ్చాడు. తాగాను. మిగతాది చదివి ముగించాను. మూడో బల్ల చివర నూకరత్నం తలెత్తలేదు.

మర్నాడు అప్పారావు దగ్గరికి వెళ్ళి, ఇద్దరం కలిసి ఉన్నదున్నట్టు చెబుదాం రమ్మన్నాను. "మానిపోయిన పుండు ఎందుకు గెలుకుతారు అయ్యగోరూ" అన్నాడు. ఆఫీసుకి వెళ్ళాను. ఆ కంట్రాక్టరు ఇప్పుడు లేడు, ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎందుకు సార్ ఇప్పుడు అన్నారు. అప్పుడు నూకరత్నం ఇంటికి వెళ్ళాను. ఎండుచేపల తలలు తుంచుతోంది. వచ్చే ఆదివారం సంఘం ముందు అంతా చెప్పేస్తానమ్మా అన్నాను.

"సంగానికెందుకు? సంగానికి తెల్దేటి? ఆ దినం ఎనిమిదిమంది సూసినారు. మీ పేనం తేలికవ్వడానికి సెప్తారా?" చేపల్లోంచి తల ఎత్తకుండానే అంది. "తెలీనిది నా గుంటొక్కదానికే. ఎన్నిపాల్లు సెప్పినా నమ్మదు. అమ్మ గావట్టి ఎనకేసుకొస్తన్నాదనుకుంటాది. దానికి సెప్పండి, దమ్ముంటే."

చిన్నవాళ్ళకి ఒక మాట. తప్పు చేస్తే ఒప్పుకోండి అని మనం పల్లకీ ఎక్కినట్టు వేదిక ఎక్కి చెబుతాం. వందమంది ముందు ఒప్పుకోవడం తేలిక. ఏడుపొస్తుంది, ఎవరో ఒకరు స్తోత్రం అంటారు. ఎవరికి అన్యాయం చేశామో ఆ ఒక్క మనిషి ఎదురుగా కూర్చోవడం వేరు.

మెటియాబ్రుజ్‌లో

సుగుణ మెటియాబ్రుజ్‌లో ఒక మేడ రెండో అంతస్తులో గది తీసుకుని చిన్నపిల్లల గౌన్లు కుట్టిస్తోంది. నాలుగు మిషన్లు, ముగ్గురు ఆడవాళ్ళు. నాలుగోదాని మీద తను. నేను వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. ఆ ముగ్గురూ భోజనానికి కిందికి వెళ్ళారు. సుగుణ మిషన్ ఆపలేదు.

"రండి కాకూ. అమ్మ పంపిందా? నాన్న తాగలేదని చెప్పడానికి?"

అయ్యగారు అనడం ఎప్పుడో మానేసింది. కాకు అంటే ఇక్కడ బాబాయి.

"అమ్మ పంపింది. కానీ చెప్పేది నేను. తాగలేదు. నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాడు. అల్లం టీ వాసన వచ్చింది."

"మరి ఆపీసులో చెప్పలేదే?"

"దిగనన్నాడు మీ నాన్న. అది చెబితే, మరి ఎలా దిగాడని అడుగుతారు."

"ఎలా దిగాడు?"

చెప్పాను. గాలి పెట్టమన్న సంగతి, రెండు గంటలు అడిగిన సంగతి, కీర్తన, ఆ తర్వాత నేను కలిపిన మాట. ఎవరి వైపు చూసి అన్నానో అది కూడా చెప్పాను. మిషన్ ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"నాన్నకి బయమేసిందా?"

"వేసింది. పైకే అన్నాడు."

"అది తెలిసే చదివారా?"

"తెలిసే చదివానమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్ళాను. ఆమె గుడ్డపేలికతో చేతులు తుడుచుకుని, ఆర్డర్లు రాసుకునే నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపింది.

"ఇదంతా రాసి ఇవ్వండి. నాకు తెలుగు చదవడం రాదు. మీకు బాంగ్లా రాయడం రాదు. మీరు చెప్పండి, నేను రాస్తాను. కింద సంతకం పెట్టండి."

తెలుగులో చెబుతుంటే మనసులోనే మార్చుకుంటూ బెంగాలీలో రాసింది. నిదానంగా, ఒక్కో వాక్యం వెనక్కి చదివి వినిపిస్తూ. నా తండ్రి అని మొదలుపెట్టి, ఆగి, పేరు రాసింది. సింహాచలం అని పైకి పలికి రాసింది. తాగలేదు అని రాసింది. దిగనన్నాడు అని రాసింది. తర్వాత నేను "కీర్తన చదివి ప్రార్థన చేశాను, ఆ మీదట అతడు దిగాడు" అని చెప్పాను. ఇంత జరిగాక కూడా నా నోట్లోంచి వచ్చింది ఆ వాక్యమే.

సుగుణ పెన్ను ఎత్తింది.

"ఆ మీదట దిగాడు అని రాయాలా, మీరు దింపారు అని రాయాలా? సరిగ్గా చెప్పండి కాకూ. మళ్ళీ మళ్ళీ రాయలేను."

"నేను దింపాను అని రాయి" అన్నాను.

రాసింది. చదివి వినిపించింది. కాగితం నా వైపు తిప్పింది. సంతకం పెట్టి, అలవాటు కొద్దీ కింద పాస్టరు అని కూడా రాయబోయాను.

"పేరు చాలు" అంది.